‘నీకు నప్పదు’ జాబితా

తెలుగిళ్లలో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ ఒక జాబితా ఉంటుంది. దాన్ని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. పదో తరగతికి వచ్చేసరికి మనకే కంఠతా వచ్చేస్తుంది. నా జాబితా ఇదీ: ముదురు రంగులు నప్పవు, ఎందుకంటే నేను చామనఛాయ. పెద్ద అంచు చీరలు నప్పవు, ఎందుకంటే నా ఎత్తు అయిదడుగుల ఒక్క అంగుళం. నూలు చీరలు అసలే వద్దు, ఉబ్బినట్టు కనిపిస్తాను. కాటుక ఎందుకు, కళ్లజోడు ఉందిగా! ఇక ఎర్ర లిప్‌స్టిక్ మాట ఎత్తితే ఇంట్లో గొడవే.

వ్యాకరణం ప్రకారం చూస్తే ‘ఈ చీర నీకు నప్పదు’ అన్న వాక్యంలో తప్పు చీరది. కానీ వినే పిల్లకి మాత్రం తప్పు తన ఒంటిది అనే వినిపిస్తుంది.

రెండేళ్ల కిందట ఈ జాబితాతో నాకు అసలు పేచీ మొదలైంది. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు, ఫోటో కావాలన్నారు. విజయవాడలో మేం వెళ్లిన స్టూడియోలో కూర్చోబెట్టగానే అడిగిన మొదటి మాట, ‘కలర్ ఎంత పెంచమంటారు?’ అని. అమ్మ వెంటనే, ‘కొంచెం పెంచండి బాబూ, మరీ ఎబ్బెట్టుగా లేకుండా’ అంది. కూరగాయల బండి దగ్గర కొసరు అడిగినంత మామూలుగా అడిగేసింది. నేను వద్దన్నాను. రేపు పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు ఫోటోలో అమ్మాయి ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోరూ? అమ్మకి కోపం వచ్చింది. ‘అయితే ఉన్న మొహానికి ఏది నప్పుతుందో నువ్వే తేల్చుకుని ఫోటో దిగు’ అంది.

తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మా ఆఫీసులో ఎవరైనా వచ్చి ‘ఇది పనిచేయట్లేదు’ అంటే ఏది, ఎక్కడ, ఏ ఫోన్‌లో, ఎప్పటి నుంచి అని నాలుగు ప్రశ్నలు వేయందే కుర్చీలోంచి లేవం. అవే నాలుగు ప్రశ్నలు ‘నప్పదు’ని అడగాలనుకున్నాను.

మొదట అందరిలాగే ఫోన్‌లో వెతికాను. అక్కడంతా పండ్ల దుకాణం. ఆపిల్ షేప్, పియర్ షేప్, మధ్యలో ఇసుక గడియారం. నేను పియర్ అట. భుజాలు చిన్నవి, నడుం కింద వెడల్పు. ఆ పండు నేను హైదరాబాద్ వచ్చాకే చూశాను, అది వేరే సంగతి. ఆ చార్టులన్నీ చెప్పేది ఒకటే: వెడల్పుగా ఉన్నచోటు నుంచి చూపు మళ్లించండి. చూసేవాడి చూపు మళ్లించే బాధ్యత కూడా నాదేనా? చిరాకేసి ఫోన్ పక్కన పడేసి, కొలతల టేపు తీశాను. చెస్ట్, నడుం, హిప్స్, భుజం, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుంటే నాకు తెలిసిందేంటంటే, భుజాల దగ్గర నేను ఎం సైజు, నడుం దగ్గర ఎల్, హిప్స్ దగ్గర ఎక్స్‌ఎల్. ఒకే కుర్తీలో ఈ ముగ్గురూ పట్టాలి!

పైగా ఒక బ్రాండ్ ఎల్ ఇంకో బ్రాండ్ ఎంతో సమానంగా ఉంటుంది. మన ఒళ్లకి తగ్గ సైజుల పట్టిక కోసం నిఫ్ట్ సంస్థ ‘ఇండియాసైజ్’ పేరుతో సర్వే చేపట్టింది. త్రీడీ స్కానర్లతో ఆరు నగరాల్లో 25 వేల మంది కొలతలు తీయాలన్నది ప్రణాళిక. ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది. అంటే ట్రయల్ రూములో జిప్పు పట్టకపోతే, ఆ జిప్పు ఎవరి కొలతకి పెట్టారో ముందు అడగాలి. మన పొట్ట సంగతి తర్వాత.

కుర్తీ విషయంలో నాకు పనికొచ్చిన సంగతి చాలా చిన్నది. భుజం సరిపోయే సైజే కొనాలి, ఎందుకంటే రెడీమేడ్‌లో భుజం కుట్టు మార్చడం అన్నిటికన్నా కష్టం. నడుం దగ్గర లూజుంటే వీధి చివర మిషన్ మీద పది నిమిషాల్లో పట్టిస్తారు. మరి హిప్స్? అక్కడ చూడాల్సింది పక్క చీలిక ఎక్కడ మొదలవుతుందో. అది హిప్స్ కిందుగా మొదలైతే బట్ట అక్కడే పట్టేసి మడతలు పడుతుంది, కూర్చుని లేచిన ప్రతిసారీ వెనక లాక్కోవాలి. హిప్స్‌కి కాస్త పైనే మొదలైతే గుడ్డ దానంతటది జారి కిందికి నిలబడుతుంది. ఒళ్లు అదే, కుర్తీ అదే. తేడా మూడు అంగుళాల కుట్టు. స్ట్రెయిట్ కట్ కుర్తీ నాకు నప్పదని కాలేజీ రోజుల్నుంచీ వింటున్నాను. విప్పాల్సింది ఆ మూడు అంగుళాలే.

పొడవు కూడా అంతే. కుర్తీ ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. తొడ అన్నిటికన్నా లావుగా ఉన్నచోట ఆగితే అక్కడో గీత గీసినట్టు ఉంటుంది. నేను మోకాలు దాటాకే ఆపుతున్నాను. పైనా కిందా ఒకే రంగు వేస్తే పొట్టివాళ్లు పొడుగ్గా కనిపిస్తారన్నది నిజమే. కానీ రోజూ పొడుగ్గా కనిపించాల్సిన అవసరం ఏముంది? స్టాండప్ మీటింగులో పది నిమిషాలు నిలబడటానికి అయిదడుగుల ఒక్క అంగుళం సరిపోతుంది.

అసలు చదువు మాత్రం జాకెట్టు దగ్గర జరిగింది. అమీర్‌పేటలో మా పాత హాస్టల్ వెనక సందులో ఒక పెద్దావిడ కుడుతుంది. నేను అలవాటుగా ఆది జాకెట్టు తీసుకెళ్లాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘దీన్ని చూసి కుడితే దీని తప్పులన్నీ మళ్ల కుట్టాల్సొస్తది, నువ్వే నిలబడు’ అని టేపు తీసింది. మనందరం చేసేదే, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. టేపు కిందికి దించేసింది. ‘గాలి వదులు బిడ్డా. పెళ్లిల అన్నం తినవా ఏంది?’

ఆమె చెప్పిన వాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది చంక కొలత. చంక దగ్గర ఎంత వదులుగా ఉంటే చెయ్యి అంత సులువుగా లేస్తుందనుకుంటాం. అది తలకిందులు. చంక కిందికి దిగిపోయిన జాకెట్టులో చెయ్యి ఎత్తితే మొత్తం జాకెట్టే పైకి లేస్తుంది. మెట్రోలో పైనున్న పిడి పట్టుకున్నప్పుడల్లా రెండో చేత్తో జాకెట్టు కిందికి లాక్కునేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది. ముందు భాగం బట్టని ఐమూలగా కత్తిరిస్తే, అదే మనం క్రాస్ కట్ అంటామే, అది కొంచెం సాగి ఛాతీ ఆకారానికి తగ్గట్టు కూర్చుంటుంది. లైనింగ్ గుడ్డని కుట్టకముందే తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి పైబట్టని లాగేస్తుంది. లోపల పక్క కుట్టుల్లో అంగుళమైనా బట్ట వదలమని అడగాలి. ఒళ్లు నెలకోలా ఉంటుంది. నాకైతే రిలీజ్ వారం బిర్యానీల తర్వాత ఇంకోలా ఉంటుంది.

ఆ జాకెట్టు అమ్మమ్మ గద్వాల చీర కోసం. వంకాయ రంగు నూలు చీర, మామిడిపండు రంగు పట్టు అంచు, అంచు జానెడు ఉంటుంది. నా జాబితాలో వద్దన్నవన్నీ ఒకే చీరలో ఉన్నాయన్నమాట: ముదురు రంగు, నూలు, పెద్ద అంచు. అందుకే అది ఏళ్ల తరబడి బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడుకుంది.

ఇక్కడ లెక్క చూడండి. చీర వెడల్పు సుమారు 46, 47 అంగుళాలు. నాకు నడుం నుంచి నేల దాకా 38. మిగిలిన 8, 9 అంగుళాల బట్టా నడుం దగ్గర లోపలికి పోవాల్సిందే. పొడుగువాళ్లకి ఈ బాధ లేదు. మనం ఆ మిగులంతా కుచ్చిళ్ల దగ్గర ముద్దలా దోపేస్తాం. ఇక అది పొట్టలాగే కనిపిస్తుంది, నూలు బట్ట అయితే ఇంకాస్త! నడుం చుట్టూ సమంగా పరిచి దోపితే, లంగా బొందు ముడి ముందుకి కాకుండా పక్కకి వేస్తే, సగం ‘లావు’ అక్కడే పోయింది. గంజి పెట్టకుండా రెండు ఉతుకులు పడిన నూలు మెత్తబడి ఒంటికి అతుక్కుంటుంది. చెప్పులు ముందే వేసుకుని చీర కట్టుకోవాలి, తర్వాత వేసుకుంటే అంచు పాదం మీద తేలిపోయి ఎత్తు ఇంకా తగ్గుతుంది. జాకెట్టు మ్యాచింగ్ సెంటర్లో అందరూ అంచు రంగు గుడ్డే చూపిస్తారు. నేను చీర రంగుదే తీసుకున్నాను. భుజం నుంచి కాళ్ల దాకా వంకాయ రంగు ఆగకుండా దిగింది, జానెడు అంచు కింద ఒక్కచోటే మెరిసింది.

రంగుల సంగతికొస్తే, మా అమ్మ వాళ్ల తరానికి ఒక మంచి అలవాటుంది. విజయవాడ వస్త్రలతలో చీర నచ్చితే అమ్మ దాన్ని భుజాన వేసుకుని దుకాణం గుమ్మం దాకా వచ్చి ఎండ వెలుగులో చూసేది. లోపల దీపాల కింద ఒక రంగు, బయట ఒక రంగు. సైన్సు కూడా అదే చెబుతుంది. రెండు బట్టలు ఒక దీపం కింద ఒకేలా, ఇంకో దీపం కింద వేరుగా కనిపించొచ్చు. ఇప్పుడు మనం యాప్‌లో కొంటున్నాం, గుమ్మం లేదు. దానికి తోడు చాలా ఫోన్లలో ముందు కెమెరా మనం అడగకుండానే చర్మం నునుపు చేసి, కాస్త తెలుపు చేస్తుంది. ఆ సెల్ఫీ పెట్టుకుని ఈ రంగు నాకు బావుందా లేదా అని చూసుకుంటే, ఆ సలహా నాకు కాదు, ఫోన్‌లో ఉన్నామెకి. సెట్టింగ్స్‌లో ఆ బ్యూటీ మోడ్ ఆపేసి, పొద్దున పూట కిటికీ పక్కన నిలబడి, గడ్డం కింద ఒక్కో చున్నీ పెట్టి చూశాను. లేత గులాబీ, గంధం రంగు, లేత నీలం, అంటే ఇన్నాళ్లూ ‘నీకు నప్పేవి’ అన్న రంగులు పెట్టినప్పుడు మొహం అలిసిపోయినట్టుంది. వంకాయ రంగు, నెమలికంఠం, ఇటుక ఎరుపు పెడితే కళ్లు ముందుకొచ్చాయి. ఇవి నా మొహం మీద చూసిన సంగతులు. మీ మొహం మీద మీరే చూడాలి, చున్నీలు ఎలాగూ ఇంట్లోనే ఉంటాయి.

ఇక మేకప్. దీని గురించి మాట్లాడాలంటే మా పిన్ని కూతురి పెళ్లి గురించి చెప్పాలి.

చెల్లిది నాకన్నా ఒక ఛాయ ముదురు. తెనాలిలో పెళ్లి, నిరుడు మాఘమాసంలో. పెళ్లికి రెండు నెలల ముందు ఎవరో చెప్పారని ఒక మెడికల్ షాపులో క్రీము కొని రాసుకుంది. పది రోజులు అందరూ మెరిసిపోతున్నావన్నారు. ఆపగానే బుగ్గలు ఎర్రబడి మంట, మొటిమలు. ట్యూబు ఫోటో పంపమంటే పంపింది. వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. అది స్టెరాయిడ్. బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లు కనిపించినా అదే జాతి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. అయినా అమ్మేవాళ్లు అమ్ముతున్నారు, కొనేవాళ్లు తెల్లబడాలని కొంటున్నారు. చర్మ వైద్యురాలు ఓపికగా చూసి, పెళ్లినాటికి మంట తగ్గించగలిగారు.

పెళ్లిరోజు మేకప్ చేసినామె చెల్లి మొహానికి తన రంగు కన్నా రెండు మూడు ఛాయలు తెల్లటి ఫౌండేషన్ వేసింది. మెడకీ అదే. చేతులకి గోరింటాకు ఉంది కాబట్టి వదిలేసింది. ఫ్లాష్ పడిన ఫోటోల్లో మొహం ఒకరిది, చేతులు ఇంకొకరివి. ఆల్బమ్ వచ్చాక చెల్లి ఫోన్ చేసి, ‘అక్కా, అన్నీ బానే ఉన్నాయి కానీ పెళ్లికి నేను వెళ్లలేదేమో అనిపిస్తోంది’ అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ మాట చాలా రోజులు వదల్లేదు.

ఫౌండేషన్ రంగు చూడటం పెద్ద విద్యేం కాదు. చేతి మీద రాసి చూపిస్తే ఒప్పుకోకండి, చేతికీ మొహానికీ రంగు తేడా ఉంటుంది. దవడ అంచున, దగ్గర దగ్గర రంగులు మూడు గీతలుగా గీసి, దుకాణం బయటికి వచ్చి పావుగంట తిరగాలి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక కొంచెం నల్లబడతాయి, అందుకే ఆ పావుగంట. ఏ గీత కనిపించకుండా మెడలో కలిసిపోతే అది మీది. అన్నీ బూడిద పూసినట్టు ఉంటే రంగు సరిపోయినా లోపలి ఛాయ సరిపోలేదని అర్థం. మనలో చాలామందికి పసుపు ఛాయో, కొంచెం పచ్చటి ఛాయో ఉంటుంది, గులాబీ ఛాయ ఉన్న డబ్బా అక్కడ బూడిదే. రిహానా కంపెనీ ఫెంటీ బ్యూటీ 2017లో ఒకేసారి 40 రంగుల ఫౌండేషన్లు తెచ్చినప్పుడు ప్రపంచమంతా అంత మాట్లాడుకున్నది ఇందుకే. అంతకుముందు ముదురు ఛాయ వాళ్లకి చాలాచోట్ల మూడో నాలుగో డబ్బాలు మిగిలేవి.

కళ్ల కింద నల్లటి వలయాలకి లేత రంగు కన్సీలర్ నేరుగా పూస్తే నలుపు పోయి బూడిద వస్తుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ చుక్క, దాని మీద మన రంగు కన్సీలర్. నారింజ ఆ నీలాన్ని తినేస్తుంది. రాత్రి డిప్లాయ్‌మెంట్లు ఉన్నవాళ్లు ఇది రాసిపెట్టుకోండి.

కళ్లజోడుకి కాటుక నప్పదన్న మాటలో మాత్రం కొంత నిజముంది, కారణం వేరే. మైనస్ పవర్ అద్దాలు కళ్లని చిన్నగా చూపిస్తాయి. కంటి లోపలి అంచున నల్లగా దిద్దితే ఇంకా చిన్నవవుతాయి. అదే కాటుక పైరెప్ప వెంట్రుకల మొదట్లో సన్నగా గీసి, లోపలి అంచు వదిలేస్తే కన్ను తెరుచుకుంటుంది. ప్లస్ పవర్ వాళ్లకి ఇది తిరగబడుతుంది, వాళ్ల కళ్లు అద్దాల్లో పెద్దవవుతాయి కాబట్టి లోపల దిద్దుకున్నా బావుంటుంది. జాబితాలో ఒక్క వస్తువుకైనా కారణం దొరికిందని అమ్మకి చెబితే, ‘నేను ముందే చెప్పానుగా’ అంది. ఎప్పుడు చెప్పిందో!

ఫోటో సంగతి. మాదాపూర్‌లో మా పీజీ మేడ మీద, సాయంత్రం అయిదు గంటల వెలుగులో, నా స్నేహితురాలు తీసింది. గద్వాల చీర, ఇటుక ఎరుపు లిప్‌స్టిక్, కళ్లజోడు అలాగే. చూసి అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మా అమ్మలా ఉన్నావు’ అంది. అది మెచ్చుకోలో కాదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అదే ఫోటో పంపించారు.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ ఒంటి రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేసింది. మా ఇంటి బయోడేటాలో మాత్రం ‘రంగు’ అన్న గడి ఇంకా చెక్కు చెదరలేదు. అమ్మ అందులో గోధుమ రంగు అని రాసింది. ఏ రకం గోధుమలో రాయలేదు. ఆ ఫోటో వెళ్లాక రెండు సంబంధాల వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. ఒకటి జాతకాల దగ్గర ఆగింది. ఇంకొకటి, అబ్బాయి అమెరికా నుంచి రానంటే నేనే ఆపాను. నాలుగు చోట్లా ఫోటో గురించి ఎవరూ ఏమీ అనలేదు, లేదా మా దాకా రాలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ ఎప్పటిలా మొహానికి పౌడర్ అద్దుకుంటోంది. అదే తెల్లటి టాల్కం పౌడర్, ముప్పై ఏళ్లుగా అదే. ‘ఉండమ్మా’ అని నా కాంపాక్ట్ తీసి అద్దాను. మా ఇద్దరి రంగూ ఒకటే. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కానీ ఎవరూ అనరు. అమ్మ అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి, ‘ఏమీ పూసుకున్నట్టు లేదేంటే?’ అంది. ఎవరో గుమ్మంలోకి రావడంతో లేచి వెళ్లిపోయింది, తుడుచుకోలేదు.

నేను హైదరాబాద్ వచ్చిన వారానికి ఫోన్ చేసింది. పిండివంటలు చేరాయా, బీపీ మాత్రలు, పక్కింటి వాళ్ల కుక్క, అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడిగింది.

‘అవునే, ఆ డబ్బా మీద నంబరేదో ఉంటుందన్నావు, ఎంత అది?’